ట్యూబు రాసే ముందు ఒకసారి గీకి చూడమనండి

ఎడిటర్ గారికి,

నమస్కారం.

మీ పత్రిక ఆదివారం ఆరోగ్య పేజీలో వానాకాలపు చర్మవ్యాధుల మీద వచ్చిన వ్యాసం చదివాను. నూలు బట్టలు కట్టుకోవడం, పాదాలు తడి లేకుండా తుడుచుకోవడం, ఒకరి తువ్వాలు ఒకరు వాడకపోవడం, ఇవన్నీ బాగానే రాశారు. తామర దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మందుల షాపులో దొరికే ఏదైనా క్రీము వారం రోజులు రాసుకుంటే తగ్గిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ "ఏదైనా", ఆ "వారం రోజులు" చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి గానీ, క్రీముల సంగతి మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ని కాను. విశాఖలోనే ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చర్మం పొట్టు, గోరు ముక్కలు, తెగిన వెంట్రుకలు, కళ్లె... ఇవి స్లైడు మీద పెట్టి ఫంగస్ ఉందా లేదా అని మైక్రోస్కోపులో వెతకడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. పెళ్లిచూపుల్లో చెప్పుకునే ఉద్యోగం కాదు లెండి. కానీ ఊళ్లో వాళ్ల ఒంటి మీద ఏం జరుగుతోందో ఆ కుర్చీలోంచి బాగా కనిపించేది.

కంచరపాలెం మెట్టు దగ్గర గానీ, పూర్ణా మార్కెట్‌లో గానీ, గాజువాకలో గానీ ఓ మందుల షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. వచ్చినాయన గొంతు తగ్గించి, "తొడ సందుల్లో దురదగా ఉందండీ" అంటాడు. కౌంటర్ వెనక కుర్రాడు తలెత్తకుండానే ఓ ట్యూబు తీసి పెడతాడు. చీటీ అడగడు. ఎన్నాళ్ల నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, షుగర్ ఉందా అని అసలే అడగడు. "పొద్దునా రాత్రీ రాయండి, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది." నిజంగానే తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ట్యూబు అట్ట పెట్టె పక్కన సన్న అక్షరాలు ఉంటాయి. ఓపిగ్గా చదివితే మూడు నాలుగు పేర్లు కనిపిస్తాయి. మైకోనజోల్, క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటిది ఒకటి ఫంగస్ మీద పనిచేసేది. నియోమైసిన్, జెంటామైసిన్, ఒఫ్లోక్సాసిన్ లాంటిది బ్యాక్టీరియా మీద పనిచేసేది, తామరకు దాంతో పనే లేదు. ఇక మూడోది క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్. ఇది స్టెరాయిడ్. అందులోనూ క్లోబెటసాల్ అంటే చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన తరగతి. సోరియాసిస్‌కో, మొండి ఎగ్జిమాకో డాక్టరు లెక్కగా, కొద్ది రోజులకు రాసిచ్చే మందు. ఫంగస్ ఉన్న చోట అది రాస్తే ఇంటి కాపలా కుక్క నోరు కట్టేసినట్టే. ఎర్రదనం, వాపు, దురద అన్నవి మన ఒళ్లు ఫంగస్‌తో చేస్తున్న పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోయిందని మనిషి సంబరపడతాడు. ఫంగస్ అడ్డూ ఆపూ లేకుండా పక్కకు పాకుతుంది. రాయడం మానేశాక దురద రెండింతలై తిరిగొస్తుంది. "మొన్న తగ్గించింది ఆ ట్యూబే కదా" అని మళ్లీ అదే కొంటాడు.

ఈ తిప్పల్లో పడినవాళ్లను నేను చాలామందిని చూశాను గానీ, గాజువాక వైపు నుంచి వచ్చిన ఒక వెల్డరు మాత్రం బాగా గుర్తున్నాడు. పాతికేళ్లు దాటి ఉండవు. నడుం దగ్గర బెల్టు పెట్టుకునే చోట మొదలైందట. వచ్చేనాటికి తొడలు, పిరుదులు, పొట్ట దాటి ఒక చెంప మీదికి ఎక్కింది. తొడల లోపలి వైపు చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద కనిపించే తరహా చారలు పడ్డాయి. "ట్యూబు రాసినన్నాళ్లూ బానే ఉంటాది మేడమ్, మానీసరికి మళ్లీ లెగుస్తాది" అన్నాడు. ఆ చారలు పోతాయా అని నన్నే అడిగాడు. అవి స్టెరాయిడ్ వల్ల పడినవి. ఫంగస్ తగ్గాక కూడా ఉండిపోతాయి. ఆ మాట డాక్టరు గారిని అడుగు బాబూ అని పంపేశాను.

అతని చర్మం గీకడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. మామూలు తామర అయితే వెతకక్కర్లేదు. గుండ్రంగా ఉంటుంది, మధ్యలో చర్మం నెమ్మదించి, అంచు మాత్రం ఎర్రగా ఉబ్బి, సన్నగా పొట్టు లేస్తూ ఉంటుంది. ఫంగస్ బతికి ఉండేది ఆ అంచులో. మధ్యలో గీకితే ఏమీ దొరకదు. స్టెరాయిడ్ రాసిన చర్మంలో ఆ అంచు చెరిగిపోతుంది. వలయంలో వలయం, దానిలో ఇంకోటి, లేదంటే ఏ ఆకారమూ లేని ఎర్రటి మరక. అనుభవం ఉన్న డాక్టర్లే ఒక్కోసారి ఇది తామరా, ఇంకోటా అని ఆగిపోతారు.

పరీక్ష ఎలా జరుగుతుందో చెబితే, అడిగి చేయించుకోవడానికి భయం ఉండదు. ముందు ఆ చోట స్పిరిట్‌తో తుడుస్తాం. పౌడరు, నూనె, క్రీము జిడ్డు పోవాలి. తర్వాత బ్లేడు మొద్దు అంచుతో, రక్తం రాకుండా, అంచు మీది పొట్టు మెల్లగా గీకుతాం. కింద నల్ల కాగితం పట్టుకుంటాం, తెల్ల కాగితం మీద ఆ పొట్టు కంటికి ఆనదు మరి. ఆ పొట్టు స్లైడు మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క, పైన కవర్‌స్లిప్ అనే పలచటి గాజు ముక్క. ల్యాబు వాళ్లు, డాక్టర్లు దీన్ని కేవోహెచ్ అంటారు. చర్మానికి పది నుంచి ఇరవై శాతం ద్రావణం చాలు. గోరు ముక్కకు ఇంకా గాఢంగా కావాలి, రాత్రంతా నానబెట్టాల్సి రావచ్చు. ఆ క్షారం చర్మ కణాలను కరిగించి గాజులా పారదర్శకం చేస్తుంది. ఫంగస్ గోడ మాత్రం దానికి అంత తొందరగా లొంగదు. పది పదిహేను నిమిషాలు ఆగి మైక్రోస్కోపు కింద పెట్టాలి. వెలుతురు తగ్గించాలి, వెలుతురును స్లైడు మీదికి చేర్చే కండెన్సర్‌ను కిందికి దించాలి. కొత్తగా చేరిన పిల్లలు ఫుల్లు లైటు పెట్టి "ఏమీ లేదు మేడమ్" అంటారు. లైటు తగ్గించి చూస్తే, మసక మసకగా ఉన్న చర్మ కణాల మధ్యలోంచి సన్నటి పోగులు కనిపిస్తాయి. కాస్త ఆకుపచ్చ ఛాయలో మెరుస్తూ, మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందంలో, మధ్య మధ్య అడ్డుగోడలతో, కొమ్మలు చీలుతూ, కణాల హద్దులతో సంబంధం లేకుండా అడ్డంగా పోతూ ఉంటాయి. కొన్ని చోట్ల పోగు ముక్కలై గొలుసుగా కనిపిస్తుంది. ఆ ముక్కలే పొట్టుతో పాటు రాలి తువ్వాలుకీ, దుప్పటికీ, పక్కవాడికీ అంటుకునేవి. బట్ట నూలు పోగును చూసి ఫంగస్ అనుకోవడం, గాలి బుడగను చూసి మరేదో అనుకోవడం నేర్చుకునే రోజుల్లో అందరికీ జరిగేవే. నాలుగు వారాలు పక్కన కూర్చోబెట్టి చూపిస్తే తేడా తెలిసిపోతుంది.

అంతే పరీక్ష. సూది లేదు, రక్తం లేదు, ఖరీదైన యంత్రం లేదు. మలేరియా స్లైడ్లు, క్షయ కళ్లె చూడడానికి ఉన్న మైక్రోస్కోపే దీనికీ సరిపోతుంది. ఫలితం ఆ రోజే చెప్పొచ్చు. ఫంగస్ ఏ జాతిదో తెలియాలంటే మాత్రం కల్చర్ పెట్టాలి, అంటే దాన్ని ల్యాబులో పెంచి చూడాలి. ఫ్రాన్సుకు చెందిన సాబురో అనే చర్మవైద్యుడి పేరు మీద ఉన్న మీడియం మీద పొట్టు చల్లి నాలుగు వారాల దాకా ఎదురుచూడాలి. మామూలు తామరకు అందరికీ అది అక్కర్లేదు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి: కేవోహెచ్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫంగస్ లేదని ప్రమాణం చేయలేం. గీకిన చోటు సరిగా లేకపోయినా, ముందు రోజు దాకా మందు రాసినా దొరక్కపోవచ్చు. డాక్టరుకు అనుమానం ఉంటే మళ్లీ గీకుతారు.

ఉంగరంలా కనిపించిన ప్రతిదీ తామర కూడా కాదు. నాణెంలాంటి ఎగ్జిమా ఉంది, సోరియాసిస్ ఉంది. ముఖ్యంగా కుష్ఠు మచ్చ కొన్నిసార్లు అంచు తేలి అలాగే కనిపిస్తుంది, కాకపోతే దురద ఉండదు, తాకితే స్పర్శ తక్కువగా ఉంటుంది. అలాంటి మచ్చకు షాపు ట్యూబు రాస్తూ నెలలు గడిపితే ఆ నెలల్లో నరాలు దెబ్బతింటాయి. ఒక స్లైడు చూస్తే రెండు వైపులా మేలే. ఫంగస్ ఉంటే సరైన మందు, లేకపోతే సరైన అనుమానం.

ఈ ఫంగస్ అసలేమిటో మీ వ్యాసంలో "ఒక రకమైన క్రిమి" అని వదిలేశారు. అది క్రిమి కాదు, బ్యాక్టీరియా కాదు, మొక్క అంతకన్నా కాదు. పుట్టగొడుగు, రొట్టె మీది బూజు, ఈస్టు, మన తామర, అన్నీ ఒకే వంశం. ఒకప్పుడు పుస్తకాల్లో మొక్కల లెక్కలో వేసేవారు. 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులను అయిదు రాజ్యాలుగా విడగొట్టినప్పుడు వీటికి సొంత రాజ్యం ఇచ్చాడు. వీటిలో పత్రహరితం ఉండదు, తిండి తయారుచేసుకోలేవు. ఎంజైములు వదిలి ఎదుట ఉన్నదాన్ని బయటే అరిగించి పీల్చుకుంటాయి. తామర ఫంగస్‌కు తిండి మన చర్మం పై పొరలో, గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్. అందుకే అది లోపలికి పోకుండా పైపైనే పాకుతుంది.

దీని కణం గోడలో కైటిన్ ఉంటుంది. ఫిషింగ్ హార్బరులో రొయ్యలు ఒలిచి పారేసే పొట్టులో ఉండేది కూడా ఆ కైటినే. బ్యాక్టీరియా గోడ వేరే పదార్థంతో కట్టినది. ఆ గోడ మీద దెబ్బకొట్టే పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ ఎన్ని రోజులు మింగినా తామర చెక్కు చెదరకపోవడానికి కారణం అదే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కణం లోపలి నిర్మాణంలో ఫంగస్ బ్యాక్టీరియాకన్నా మనకు దగ్గరి చుట్టం. దాన్ని చంపే మందు మనల్నీ కొంత ఇబ్బంది పెడుతుంది. అందుకే ఫంగస్ మందులు మొదటి నుంచీ తక్కువే. దొరికిన ఆసరా ఏమిటంటే, మన కణపు పొరలో కొలెస్టరాల్ ఉంటే దాని పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. టెర్బినఫిన్ అయినా, ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ అయినా ఆ ఎర్గోస్టెరాల్ తయారీని ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆపుతాయి.

పసిపిల్లల నోటి పూతకు వాడే నిస్టాటిన్ కథ నాకిష్టం, రెండు వాక్యాల్లో చెప్పి వదిలేస్తాను. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు న్యూయార్క్‌లో, ఇంకొకరు ఆల్బనీలో ఉంటూ, నమూనాలు సీసాల్లో పెట్టి పోస్టులో పంపుకుంటూ 1950లో దాన్ని ప్రపంచానికి చెప్పారు. వచ్చిన రాయల్టీ అంతా పరిశోధనకే ఇచ్చేశారు.

మళ్లీ మన ఊరికి వద్దాం. విశాఖలో చెమట ఆరదు. సముద్రపు గాలి హాయిగా ఉంటుందని టూరిస్టులకు చెబుతాం గానీ, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉతికిన జీన్సు ప్యాంటు నడుం పట్టీ దగ్గర పూర్తిగా ఆరిన రోజు ఉండదు. దాన్నే తొడుక్కుని పిల్లలు మధురవాడ వైపు కాలేజీలకు పోతారు. ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల కాళ్లు ఎనిమిది గంటలు సేఫ్టీ బూట్లలో ఉడుకుతాయి. రొయ్యల షెడ్లలో ఆడవాళ్ల చేతులు ఐసు నీళ్లలో నాని నాని వేళ్ల సందులు పాచిపోతాయి. అక్కడ పెరిగేది ఎక్కువగా తామర ఫంగస్ కాదు, కాండిడా అనే ఈస్టు. దాని మందు వేరు, దానికి ముందు చెయ్యి ఆరడం ముఖ్యం. హాస్టలు గదిలో నలుగురికి ఒక దండెం, నాలుగు తువ్వాళ్లు ఒకదాని మీద ఒకటి. ఇక చెప్పేదేముంది.

మీరు రాసిన "వారం రోజులు" గురించి. ఈ కాలపు తామర వారంలో తగ్గదు. చర్మవైద్యులు సాధారణంగా మచ్చ పూర్తిగా పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయమంటారు, మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా. ఒళ్లంతా పాకితే మాత్రలు తప్పవు, అవీ వారాల తరబడి. కొన్నేళ్లుగా మన దేశంలో ఎక్కువగా కనిపిస్తున్న తామర ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. భారత్, నేపాల్ వాళ్ల నుంచి తీసిన నమూనాల్లో గుర్తించారు. ఈ రకంలో చాలావాటికి టెర్బినఫిన్ పనిచేసే చోటే జన్యువు మారిపోయి ఉంది, మామూలు మోతాదుకు లొంగవు. ఇప్పుడది మన దేశం దాటి యూరప్, అమెరికాల్లో కూడా కనిపిస్తోంది. సగం సగం వాడి వదిలేసిన మందులకు, స్టెరాయిడ్ కలిపిన ట్యూబులకు ఈ కథలో వాటా ఉందని నిపుణులు గట్టిగానే అంటున్నారు.

మాత్రల దగ్గర ఒక చిన్న విషయం, మా పక్కింటి అమ్మాయి వల్ల గుర్తొచ్చింది. "పిన్నీ, డాక్టరు ఇట్రాకొనజోల్ ఇచ్చారు, నెల వాడినా కదల్లేదు" అంది. ఏమేం మింగుతున్నావని అడిగితే, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర, దాంతోనే ఈ క్యాప్సూలు కూడా! ఇట్రాకొనజోల్ క్యాప్సూలు ఒంటికి పట్టాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి, అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. మన ఊళ్లో గ్యాస్ మాత్ర వేసుకోని ఇల్లు ఉందా? ఎవరూ దాన్ని మందుల లెక్కలోకే తీసుకోరు, డాక్టరు అడిగినా చెప్పరు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కొలెస్టరాల్ మాత్రలు వాడేవాళ్లు, లివరు జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ మాత్రలు వాళ్లకు పడకపోవచ్చు. షాపు కౌంటర్ దగ్గర ఇవన్నీ అడిగేదెవరు?

ఇంట్లో ఒకరికి వైద్యం చేసి నలుగురిని వదిలేస్తే లాభం లేదు. రాలిన పొట్టులో ఫంగస్ నెలల తరబడి బతుకుతుంది. లోదుస్తులు, తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. మొలతాడు, చేతికి కట్టిన దారాలు కూడా ఈ లెక్కలోవే. దేవుడి దారం తీయకూడదంటారని తెలుసు, కనీసం మార్చండి. వెల్లుల్లి నూరి పట్టించడం మాత్రం మానండి. చర్మం కాలి బొబ్బలెక్కి ఆస్పత్రికి వచ్చినవాళ్లున్నారు.

పిల్లల తల మీద గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు లేస్తుంటే పైన ఏ క్రీమూ పనిచేయదు. ఫంగస్ వెంట్రుక కుదురులో ఉంటుంది, నోటి మందే కావాలి. మెడ, వీపు మీద తెల్లగా, సన్నపొట్టుతో వచ్చే శోభి మచ్చలు ఇంకో ఈస్టు వల్ల వస్తాయి. మందుతో ఈస్టు పోయినా చర్మం రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, తగ్గలేదని మందు మీద మందు రాయనక్కర్లేదు. కాలి గోరు పసుపుపచ్చగా దళసరిగా మారితే మాత్రలు దాదాపు మూడు నెలలు వాడాలి. గోరు కొత్తగా పూర్తిగా ఎదగడానికి ఏడాది పైనే. ఓపిక లేనివాళ్లు మొదలెట్టకపోవడమే నయం. మాటిమాటికీ ఒరుపులు, మర్మావయవాల దగ్గర దురద, తెల్లపూత వస్తుంటే క్రీము సంగతి తర్వాత, ముందు షుగర్ చూపించుకోండి.

కంటి సంగతి మాత్రం తొందరగా వదిలిపెట్టలేను. కోతల్లో వరి ఆకు గీసుకుని, నూర్పిళ్లలో పొట్టు పడి కన్ను ఎర్రబడితే, మన పల్లెల్లో ముందు వెళ్లేది మందుల షాపుకే. అక్కడా స్టెరాయిడ్ కలిసిన చుక్కలే ఇస్తారు. ఎరుపు తగ్గుతుంది. నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు మాత్రం లోతుకు దిగుతుంది. నాలుగు రోజుల తేడాతో చూపు పోవచ్చు. ఇక్కడ కూడా చేసేది అదే. కంటి డాక్టరు మత్తు చుక్క వేసి పుండు అంచు గీకి ఇస్తే, కేవోహెచ్‌లో పోగులు కనిపిస్తాయి, ఫంగస్ మందైన నాటమైసిన్ చుక్కలు ఆ రోజే మొదలుపెట్టొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లు కంటి దెబ్బ తగలగానే చుక్కల కోసం షాపుకు పోకుండా కంటి డాక్టరు దగ్గరికి రావాలి. మన హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది.

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ అని ఊరంతా వణికింది గుర్తుందా? ఆ చికిత్సను రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో కూడా చేర్చాల్సి వచ్చింది. అది గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండే ఫంగస్సే. కోవిడ్‌కు అదుపు లేకుండా స్టెరాయిడ్ వాడిన చోట, షుగర్ ఆకాశంలో ఉన్న చోట ముక్కులోంచి కంటికి, మెదడుకు ఎక్కింది. అప్పుడు కూడా మొదటి సమాధానం చెప్పింది కేవోహెచ్ స్లైడే. తామర పోగులకన్నా చాలా వెడల్పుగా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, లంబకోణంలో చీలే పోగులు కనిపిస్తే చాలు, ఆ పేషెంటుకు ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించడం, సర్జన్లను పిలవడం ఒకేసారి జరగాలి. ఆ రెండు మూడు నెలలు స్టెరాయిడ్ అన్న మాట వింటేనే జనానికి టెన్షన్. ఇప్పుడదే స్టెరాయిడ్ ట్యూబులో పెట్టి ఇస్తే నవ్వుతూ కొనుక్కుంటున్నారు.

చట్టం లేక కాదు. చర్మానికి రాసే స్టెరాయిడ్ మందులను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో 328 మందుల కలయికలను నిషేధించారు, వాటిలో ఇలాంటి చర్మపు క్రీములూ ఉన్నాయి. దేశంలోని చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటే వచ్చిన ఆదేశాలివి. వచ్చాక ఏం జరిగింది? ఒక కలయిక పోతే, అందులో ఒక మందు మార్చి ఇంకో కలయిక వస్తుంది. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ అని, చీటీ కావాలని చెప్పే గుర్తు అలాగే ఉంటుంది, కౌంటర్ మీద చీటీ మాత్రం ఉండదు. షాపు వాళ్లందరినీ అనడం లేదు. మా వీధి చివర షాపాయన స్టెరాయిడ్ అడిగితే చీటీ తెమ్మని పంపేస్తాడు. దానికి ఆయన బేరం పక్క షాపుకు పోతుంది. చట్టం అందరికీ ఒకేలా అమలైతే ఆయనకా నష్టం ఉండదు.

డాక్టర్లతో కూడా ఒక మాట, చిన్న నోటితో. ఓపీలో యాభై మంది నిలబడి ఉంటే గీకి చూసే తీరిక ఉండదని తెలుసు. అయినా, ముందే ట్యూబులు రాసి వచ్చిన పేషెంటుకు, ఒకసారి తగ్గి తిరగబెట్టినవాడికి, మొహం మీద, తల మీద వచ్చినవాడికి కాగితం మీద కేవోహెచ్ అని మూడక్షరాలు రాసి ల్యాబుకు పంపండి. ల్యాబులో కూర్చున్నవాళ్లకు అది పావుగంట పని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల టెక్నీషియన్లకు ఈ స్లైడు చూడడం నేర్పితే పాడేరు, అనంతగిరి నుంచి చర్మం పొట్టు చూపించుకోవడానికి ఇంత దూరం రానక్కర్లేదు. నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లం ఊళ్లో ఉన్నాం, పిలిస్తే వస్తాం.

ఔషధ నియంత్రణ అధికారులు ఒక్క నెల రోజులు మామూలు కొనుగోలుదారుల్లా షాపులకు వెళ్లి "దురదకు ఏదైనా ఇవ్వండి" అని అడిగి చూస్తే చాలు, నేను రాసినదాంట్లో ఎంత నిజముందో తెలుస్తుంది. మీ విలేకరులు కూడా ఆ పని చేయొచ్చు.

ఇక మీకు నా మనవి. ఆదివారం వచ్చిన వాక్యానికి సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. అందులో ఈ సంగతులుంటే చాలు: ట్యూబు పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా, డాక్టరు రాయకుండా తామరకు వాడకండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఎలా ఆపాలో డాక్టర్ని అడిగి ఆపండి, ఆపగానే ఎరుపు, దురద కొన్నాళ్లు పెరగవచ్చు, కంగారుపడి మళ్లీ షాపుకు పోకండి. పరీక్షకు వెళ్లే రోజు ఆ చోట నూనె, పౌడరు, పసుపు ఏదీ రాయకండి, ఎన్ని రోజుల ముందు క్రీము మానాలో ల్యాబును అడగండి. గోరు అయితే ముందు రోజు కత్తిరించుకుని వెళ్లకండి, గీకడానికి మాకు ముక్క మిగలాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కంచరపాలెం, విశాఖపట్నం.

(పేరు ప్రచురించవద్దని మనవి.)